"మన్" కాదు, "మెయిన్" అనండి

నెదర్లాండ్స్‌కు కొత్తగా వచ్చిన మన సోదర సోదరీమణులకు ఒక చిన్న మాట.

మొన్నామధ్య రైల్వేస్టేషను దగ్గర సైకిళ్ల స్టాండులో ఒక పెద్దావిడ నా సైకిలు పట్టుకొని నిలబడ్డారు. "దత్ ఇస్ మన్ ఫీట్స్" అన్నాను, అది నా సైకిలండీ అని. ఆవిడ తొణకలేదు. "నేయ్, దీ ఇస్ వన్ మెయ్" అన్నారు. కాదు, అది నాది అని! నా తాళంచెవి పట్టింది కనుక సైకిలు దక్కింది గాని, మాటల్లో మాత్రం ఓడిపోయాను. తప్పెక్కడో ఇంటికొచ్చాక తెలిసింది.

మనం గట్టిగా చెప్పాలంటే చివర ఏకారం తగిలిస్తాం: నాదే, మాదే. డచ్చి భాషలో అలాంటి తోక లేదు. బలమంతా "నా" అనే మాట మీదే పడాలి. దానికి నిండు రూపం "మెయిన్". వాడుకలో అది కుదించుకుపోయి "మన్" అవుతుంది. వింటే మన "మన" లాగే ఉంటుంది! ఈ పొట్టి రూపాన్ని ఒత్తి పలకడానికి వీల్లేదు. "నీ"కి "యె" పొట్టిది, "యౌ" నిండుది. "అతని"కి "జన్", "జెయిన్". తగవు వచ్చినచోట నిండు రూపమే వాడి, దాన్నే ఒత్తాలి.

ఇంకా బలం కావాలా? "మెయిన్ ఎయిగెన్ ఫీట్స్" అనండి. "ఎయిగెన్" అంటే సొంత. అద్దెదీ కాదు, ఎరువు తెచ్చినదీ కాదు. వస్తువు పేరెత్తకుండా "నాది" అనాలంటే ఆ పెద్దావిడ అన్న "వన్ మెయ్" ఉంది. "ద మెయ్న" అని కూడా ఉంది గాని, అది కాస్త గ్రాంథికం. మాటల్లో "దీ వన్ మెయ్" అంటారు. "మీ అందరిది" అనడానికైతే "దీ వన్ యుల్లీ" తప్ప వేరే దారి లేదు.

పరాయివాళ్ల సొత్తు చెప్పడం మనకు తేలికే. "యన్ జన్ ఫీట్స్" అంటే మాటకు మాట "యన్, అతని సైకిలు". మనం "రామయ్య వాళ్ల ఇల్లు" అనమూ? అలాంటిదే. అయితే ఇది మాటల్లోనే. రాతలో "యన్స్ ఫీట్స్" అని రాయండి.

ఇంతకీ ఆ పెద్దావిడ సైకిలు రెండు వరసల అవతల దొరికింది. అదీ నల్లదే. ఇద్దరం నవ్వుకున్నాం.

ఈ కథ ఇంట్లో చెబుతుంటే, తమ్ముడు బొమ్మ లాక్కున్నాడని మా నాలుగేళ్ల అమ్మాయి "వన్ మెయ్!" అని అరిచింది. ఒత్తు ఎక్కడ పడాలో దానికి ఎవరూ నేర్పలేదు.