'నాటు' మాటకు పట్టాభిషేకం

మన భాషలో 'నాటు' అనే మాటకు ఉన్న పరువు ఎంతో మీకు తెలియంది కాదు. ఒక్క కోడి విషయంలోనే దానికి గౌరవం! నాటుకోడి పులుసు అనగానే లొట్టలు వేస్తాం. అదే ఒక మనిషిని పట్టుకుని "వాడొట్టి నాటురకం" అన్నామంటే, వాడికి మంచీ మర్యాదా తెలియవని, నలుగురిలో కూర్చోబెట్టడానికి పనికిరాడని అర్థం. నాటువైద్యం నమ్మరానిది. నాటుసారా తాగరానిది. నాటుబాంబు సంగతి సరేసరి! పట్నం వచ్చిన పల్లెటూరి కుర్రాడి యాసకీ, కట్టుకీ, నడకకీ అన్నింటికీ కలిపి మనం వేసే ముద్ర ఈ ఒక్క మాటే.

అలాంటి మాటను రెండుసార్లు పక్కపక్కన పెట్టి పాట కట్టారు. 2023 మార్చి 13 ఉదయం మనం కాఫీలు తాగే వేళకి, లాస్ ఏంజెలెస్‌లోని డాల్బీ థియేటర్‌లో ఆ పాటకు ఆస్కార్ ఇచ్చేశారు. లేడీ గాగా పాట, రియానా పాట కూడా పోటీలో ఉన్నాయి సుమా! "2009లో 'జయహో'కి రాలేదా?" అంటారేమో. వచ్చింది. కాని 'స్లమ్‌డాగ్ మిలియనీర్' బ్రిటిష్ వారి చిత్రం. భారతీయ చిత్రంలోని పాటకి ఆ బహుమతి రావడం ఇదే మొదలు.

బహుమతి ముచ్చట్లు అప్పుడే అందరూ రాశారు. నాకు మాత్రం ఆనాటి నుంచి ఒకటే కుతూహలం. తిట్టుగా తిరిగిన మాట తలెత్తుకుని చెప్పుకునే మాట ఎలా అయింది? నిజంగా అయిందా?

సగం రోజు, పంతొమ్మిది నెలలు

ఇద్దరు గొప్ప డాన్సర్లు చేతిలో ఉన్నారు, ఇద్దరూ పోటీపడి ఆడే పాట కావాలన్నది దర్శకుడు రాజమౌళి కోరిక. కథాకాలం 1920 ప్రాంతం. కీరవాణి ఒక బాణీతో ఆగలేదు, చాలానే కట్టారు. చివరకి ఖాయమైనది 6/8 నడక. అదేదో శాస్త్రం అనుకునేరు! జాతరలో డప్పు మోగితే మన కాలు ఏ లెక్కన లేస్తుందో అదే ఆ నడక. ఇంగ్లీషు డాన్సు పాటల్లో మామూలుగా వినిపించే నాలుగు దెబ్బల లెక్కకి ఇది లొంగదు. అందుకే తెల్లవాళ్ల చెవికి కొత్తగానూ, మన చెవికి ఇంటి చప్పుడులానూ వినిపిస్తుంది.

ఇక మాటలు. చంద్రబోస్‌ది ఉమ్మడి వరంగల్ జిల్లా చల్లగరిగె. ఇంజనీరింగ్ చదివి, 1995లో 'తాజ్‌మహల్'తో పాటల్లోకి వచ్చారు. ఈ పాటలో తొంభై పాళ్లు సగం రోజులో రాసేశానని, తక్కిన పది పాళ్లకి పంతొమ్మిది నెలలు పట్టిందని ఆయనే చెప్పారు. కథ వందేళ్ల నాటిది కాబట్టి ఆ కాలానికి లేని మాట ఒక్కటీ రాకూడదని ఆయన పెట్టుకున్న నియమం. చిన్నప్పుడు ఊళ్లో చూసినవే పోలికలుగా తెచ్చారు. దుమ్ము లేపే గిత్త, జాతరలో పోతరాజు, కిర్రుచెప్పులు, కర్రసాము, మర్రి నీడ, జొన్నరొట్టె, మిరప తొక్కు. వరసగా పోలికలు పేర్చి, చివర ఆ ఒక్క మాటని గునపంలా దించడమే ఆయన చేసిన పని. 'టు' అన్న అక్షరం సరిగ్గా దెబ్బ మీద పడుతుంది. అర్థం తెలియనివాడి కాలు కూడా ఆ అక్షరానికి లేచి తీరుతుంది.

పాడినవాళ్లు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. రెండో ఆయన కీరవాణి కుమారుడు. మొదటి ఆయన మన పాతబస్తీ కుర్రాడు. 'మగజాతి', 'గల్లీ కా గణేశ్' వంటి సొంత పాప్ పాటలతో పైకొచ్చినవాడు. తొలినాళ్లలో తండ్రికి తోడుగా క్షౌరశాలలో పనిచేశానని దాచుకోకుండా చెప్పినవాడు. ఈ పాటకి ఇంతకన్నా తగిన గొంతు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

రాజభవనం ముందు జాతర

2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, ఆ దేశాధ్యక్షుడి అధికార నివాసమైన మారియిన్‌స్కీ భవనం ముందు పాట తీశారు. నృత్య దర్శకుడు ప్రేమ్ రక్షిత్ ఆ భుజాలు కలిపిన అడుగు కోసం పదుల కొద్దీ రకాలు తయారుచేసుకున్నారు. ఎన్‌టీఆర్, రామ్ చరణ్ ఇద్దరి కాలూ చెయ్యీ ఒకే క్షణాన కదిలేదాకా రాజమౌళి "మళ్లీ" అంటూనే ఉన్నారు. ఆ అడుగుకి పద్దెనిమిది టేకులు తీసి, తీరా చూస్తే రెండోదే బాగుందని అదే ఉంచారని ఎన్‌టీఆర్ చెప్పుకున్నారు. నవ్వాలో ఏడవాలో!

చిత్రం విడుదల 2022 మార్చి 25. దానికి సుమారు నెల ముందు, ఫిబ్రవరి 24న, ఆ నగరం మీద యుద్ధం వచ్చిపడింది. మన హాళ్లలో ఈలలు మోగుతున్న రోజుల్లో ఆ ఊళ్లో సైరన్లు మోగుతున్నాయి. 2023లో ఉక్రెయిన్ సైనికులు కొందరు ఈ పాటకే పేరడీ కట్టి ఆడారు. అవమానించినవాడి ఎదుట ఆడే ఆట వాళ్లకి ఎందుకు నచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఓడిపోయి గెలిపించినవాడు

సందర్భం గుర్తుందిగా! దొరల విందు. మేనమర్యాదలు తెలియని నేటివులకి నాట్యమేం తెలుసునని జేక్ అనే తెల్లకుర్రాడు భీమ్‌ని హేళన చేస్తాడు. టాంగో, స్వింగ్, ఫ్లమెంకో ఆడి చూపిస్తాడు. భీమ్‌కి ఇంగ్లీషు రాదు, తలవంచుకుంటాడు. అప్పుడు స్నేహితుడు రామ్ దరువు అందుకుంటాడు. ఒక్క దెబ్బ లేదు, ఒక్క తుపాకీ లేదు, అయినా అది పోరాట ఘట్టమే! దొరసానులు ముందు మనవైపు వచ్చేస్తారు. దొరలు ఒక్కొక్కరే కూలబడతారు. ఆఖరికి మిగిలిన ఇద్దరిలో రామ్ కావాలని పడిపోతాడు, జెన్నీ కళ్లముందు స్నేహితుడు గెలవాలని.

నాకు ఈ పాట మొత్తంలో నచ్చింది ఆ పడిపోవడమే. గౌరవం ఒకడు గెలుచుకునేది అనుకుంటాం. పక్కవాడు తగ్గి ఇచ్చేది కూడా అని ఆ నాలుగు ఫ్రేములు చెప్తాయి.

2022 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ చైనీస్ థియేటర్‌లో ఆట వేస్తే, అమెరికా ప్రేక్షకులు సీట్లు వదిలి తెర ముందుకొచ్చి గంతులేశారు. మరుసటి జనవరిలో గోల్డెన్ గ్లోబ్, ఫిబ్రవరిలో ఢిల్లీలో కొరియా రాయబారి కార్యాలయం వారి చిందులు! ఒక విశేషం గమనించండి. హిందీలో ఈ పాట 'నాచో నాచో' అయింది. మలయాళంలో 'కరింతోల్' అయింది. అంటే 'నాటు' అనే మాట అనువాదంలో కొన్నిచోట్ల జారిపోయింది. బహుమతికి వెళ్లింది మాత్రం తెలుగు పాటే, తెలుగు మాటతోనే.

శంషాబాద్‌లో రెండు తెల్లవారుజాములు

ఆ వారం నేను శంషాబాద్ చుట్టూ తిరిగాను. పూర్వం మన తారలకి ఎదురెళ్లాలంటే బేగంపేట పోయేవాళ్లం. 2008 మార్చి నుంచి మకాం ఇటు మారింది. మార్చి 15న తెల్లవారకముందే ఎన్‌టీఆర్ దిగారు. అభిమానుల తొక్కిసలాటలో పోలీసుల లాఠీలు కూడా దరువు వేసేలా ఉన్నాయి! 17న అలాంటి వేళలోనే రాజమౌళి, కీరవాణి కుటుంబాలు వచ్చాయి. మైకులు ముందుకి తోస్తే రాజమౌళి "జైహింద్" అని కారెక్కేశారు.

ఆ విమానాశ్రయం సుమారు 5,500 ఎకరాల్లో పరుచుకుని ఉంది. కంచె అవతల గొల్లపల్లి, మామిడిపల్లి వంటి ఊళ్లు. కాస్త దూరంలో నార్కుడ. అక్కడి అమ్మపల్లి రామాలయం గోపురం మీరు ఎన్ని సినిమాల్లో చూశారో లెక్కలేదు. ఆషాఢంలో ఇటు వస్తే బోనాలు. ఒళ్లంతా పసుపు, నడుముకి వేపమండలు, చేతిలో కొరడాతో పోతరాజు, వెనక డప్పులు. పాటలోని పోలిక కళ్లముందు నడిచిపోతుంది. అతని మెడలో దండ ఆ ఒక్కరోజే.

ఇక్కడే నాకు ముల్లు గుచ్చుకుంది. సినిమాలో నాటువాణ్ణి అవమానించింది తెల్లదొర. అతను కూలబడితే మనకి ఈల వేయడం తేలిక. కాని తెలుగులో ఆ మాటని తిట్టుగా వాడింది ఏ దొర? మనమే కదా! డప్పు కొట్టినవాణ్ణి పందిరి బయట నిలబెట్టి, అదే డప్పుకి పందిరిలో చిందులేసిన ఊళ్లు మనవే కదా!

ఆస్కార్ వేదిక మీద కూడా ఇదే కథ మరోలా జరిగింది. రాహుల్, కాలభైరవ పాడారు. ముందు నిలబడి ఆడినవారిలో దక్షిణాసియా వాళ్లు లేరని విదేశాల్లోని మనవాళ్లే నొచ్చుకున్నారు. న్యాయమైన నొప్పి. ఇంకో లోటు నేను చెప్తాను. ఇంత ఆత్మగౌరవ గీతంలో దొరసానులు ఆడారు గాని మన పల్లెపడుచు ఒక్కతీ అడుగు వేయలేదు. బోనమెత్తే చెయ్యి లేకుండా జాతర ఎక్కడిది?

అయినా పాట ఊరికే పోలేదు. 2023 ఆగస్టులో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ప్రేమ్ రక్షిత్‌కి నృత్య దర్శకుడిగా గుర్తింపు వచ్చింది. తమాషా ఏమంటే, చంద్రబోస్‌కి ఉత్తమ గీతరచన పురస్కారం 'కొండపొలం' పాటకి ఇచ్చారు. 2025 జులైలో, సరిగ్గా బోనాల నాడు, రాహుల్‌కి తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. పాతబస్తీ గల్లీ గొంతుకి పండగనాడు దక్కిన మర్యాద అది. సంతోషమే.

మాటకి పట్టాభిషేకం అయిపోయింది. మనిషికి కావాల్సి ఉంది. ఈసారి ఊరి నుంచి వచ్చిన కుర్రాడి యాస విని "నాటురకం" అనబోతే ఒక్క క్షణం ఆగండి. ఇన్నాళ్లూ కోడికిచ్చిన గౌరవం అతనికీ ఇచ్చి చూడండి!