గేర్లా, హైడ్రోస్టాటికా? చిన్న ట్రాక్టర్ కొనేముందు చూసుకోవాల్సిన లెక్క

తెలంగాణలోని జహీరాబాద్‌లో మహీంద్రా సంస్థ తయారుచేసే ‘ఓజా’ చిన్న ట్రాక్టర్లు ఇక్కడి పొలాలకూ వస్తాయి, అమెరికాకూ వెళ్తాయి. 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఈ శ్రేణిని ఆవిష్కరించారు.

పేరు ఒకటే అయినా, భారత్‌లో అమ్మే ఓజాలో ముందుకు 12, వెనక్కు 12 గేర్లు ఉంటాయి. అమెరికాలో మాత్రం గేర్లకు బదులు హైడ్రోస్టాటిక్ పద్ధతిలో నడిచే రకాలనూ అమ్ముతున్నారు.

ఎందుకీ తేడా? ట్రాక్టర్ కొనే రైతు మొదట అడిగేది ఎన్ని హెచ్‌పీ అని. ఆ శక్తి చక్రాల దాకా ఎలా చేరుతుందన్నది కూడా అంతే ముఖ్యం. డీజిల్ ఖర్చు, రిపేరు ఖర్చు చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఏది ఎలా పనిచేస్తుంది?

గేర్ల ట్రాక్టర్‌లో ఇంజిన్ శక్తి క్లచ్ మీదుగా గేర్‌బాక్సులోని పళ్లచక్రాలకు, అక్కడి నుంచి ట్రాక్టర్ చక్రాలకు అందుతుంది. వేగం మారాలంటే గేరు మార్చాలి.

హైడ్రోస్టాటిక్‌లో ఇంజిన్ ఒక పంపును తిప్పుతుంది. ఆ పంపు ఆయిల్‌ను ఎక్కువ ఒత్తిడితో హైడ్రాలిక్ మోటారులోకి నెడుతుంది. మోటారు తిరిగి చక్రాలను తిప్పుతుంది. పెడల్ ఎంత తొక్కితే అంత ఆయిల్, అంత వేగం. వెనక్కు వెళ్లడమూ పెడల్‌తోనే. నడుస్తుండగా క్లచ్ తొక్కి గేరు మార్చే పని ఉండదు.

తెలుగు రైతులకు ఇది పూర్తిగా కొత్త కాదు. వరి కోతకు వచ్చే చైన్ల హార్వెస్టర్లు ఎక్కువగా ఈ పద్ధతిలోనే నడుస్తాయి.

శక్తి ఎక్కడ పోతుంది?

ఆయిల్‌ను నెట్టడంలో కొంత, ఆ ఆయిల్‌తో మోటారును తిప్పడంలో కొంత శక్తి వేడిగా మారిపోతుంది. స్థూలంగా చూస్తే హైడ్రోస్టాటిక్‌కు అందిన శక్తిలో దాదాపు ఐదో వంతు ఇలా పోతుంది. గేర్లలో ఈ నష్టం బాగా తక్కువ. దుక్కి దున్నేటప్పుడు, నిండు ట్రాలీని లాగేటప్పుడు ఈ తేడా తెలుస్తుంది.

నడిపే అలవాటూ మార్చుకోవాలి. భారం ఎక్కువై ఇంజిన్ మూలుగుతుంటే పెడల్ ఇంకా తొక్కాలనిపిస్తుంది. తొక్కితే భారం మరింత పెరిగి ఇంజిన్ ఆగిపోవచ్చు. అప్పుడు పెడల్‌ను కాస్త వదలాలి.

మరి అమెరికాలో ఎందుకు కొంటున్నారు?

అక్కడ చిన్న ట్రాక్టర్లతో ఎక్కువగా ఇంటి చుట్టూ గడ్డి కోస్తారు, మంచు తొలగిస్తారు, లోడర్‌తో మట్టి ఎత్తిపోస్తారు. ఇవి నిమిషానికోసారి ముందుకూ వెనక్కూ వెళ్లే పనులు. పీటీఓ వేగం తగ్గకుండా ట్రాక్టర్ వేగాన్ని మాత్రమే మార్చుకునే వీలు కూడా హైడ్రోస్టాటిక్‌లో ఉంది.

ఇక్కడ అదే ట్రాక్టర్ తోటల్లో రోటవేటర్ వేయాలి, సాళ్ల మధ్య అంతర సేద్యం చేయాలి, పంటను మార్కెట్‌కు చేర్చాలి. సొంత పని అయ్యాక కిరాయికీ వెళ్లాలి. గంటల తరబడి ఒకే వేగంతో లాగే ఇలాంటి పనులకు గేర్లే నయం. కిరాయిలో మిగిలేది డీజిల్ పొదుపును బట్టే ఉంటుంది.

రిపేరు సంగతి?

గేర్ల ట్రాక్టర్‌లో క్లచ్ ప్లేటు అరుగుతుంది. దాన్ని మార్చగల మెకానిక్ దగ్గరలోని పట్టణంలో దొరుకుతాడు. హైడ్రోస్టాటిక్‌లో ఆ బాధ తక్కువ. కానీ కంపెనీ చెప్పిన ఆయిల్‌నే వాడాలి, ఫిల్టర్‌ను వేళకు మార్చాలి. ఆయిల్‌లో దుమ్ము చేరితే పంపు, మోటారు లోపల గీతలు పడతాయి. అప్పుడు ఖర్చు భారీగా ఉంటుంది. కొనేటప్పుడు ధర కూడా సాధారణంగా దీనికే ఎక్కువ.

మధ్యే మార్గం

షటిల్ లివర్ ఉన్న గేర్ల ట్రాక్టర్‌లో గేరు మార్చకుండానే ముందుకూ వెనక్కూ వెళ్లొచ్చు. ఇరుకు తోటల్లో సాలు చివర మలుపు తిప్పేటప్పుడు ఇది చాలా ఉపయోగం. డబుల్ క్లచ్ ఉంటే ట్రాక్టర్ ఆగినా పీటీఓ తిరుగుతూనే ఉంటుంది. సింగిల్ క్లచ్ అయితే మామూలుగా రెండూ ఆగిపోతాయి. నత్తనడకన సాగాల్సిన పనులుంటే క్రీపర్ గేరు ఉందో లేదో అడగాలి.

పాడి షెడ్డులో పేడ ఎత్తడం, నర్సరీలో బుట్టలు చేరవేయడం వంటివే ప్రధానమైతే, లేదా మోకాలి నొప్పితో క్లచ్ తొక్కలేకపోతే, హైడ్రోస్టాటిక్‌కు పెట్టే అదనపు ఖర్చు వృథా కాదు.

కొనేముందు ఏడాది పనిని రెండు భాగాలుగా రాసుకుంటే చాలు. లాగే గంటలు ఎన్ని, ముందుకూ వెనక్కూ తిరిగే గంటలు ఎన్ని? ఏవి ఎక్కువో తేలాక, సొంత పొలంలో, సొంత రోటవేటర్ తగిలించి ట్రయల్ అడగాలి. షోరూమ్ ముందు సిమెంటు నేల మీద ఏ ట్రాక్టరైనా హాయిగానే నడుస్తుంది.