మీకు తెలుసా? గురువు నమ్మకము, శిష్యుని ఆత్మవిశ్వాసము
1964వ సంవత్సరమున కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో, మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ రోసెంథాల్, ప్రధానోపాధ్యాయురాలు లెనోర్ జేకబ్‌సన్ కలసి, నూటికి సుమారు 20 మంది పిల్లలను కేవలము యాదృచ్ఛికముగా ఎంచి, వీరి బుద్ధి ఈ యేడు విశేషముగా వికసింపగలదని ఉపాధ్యాయులకు తెలిపిరి. ఆ మాటకు ఆధార మేమియు లేకున్నను, సంవత్సరాంతమున, ముఖ్యముగా 1, 2 తరగతులలో, ఆ పిల్లల బుద్ధిపరీక్షా ఫలితములు తక్కినవారికంటె మిన్నగా పెరిగినవని వారు 1968లో ప్రకటించిరి.

ఈ ప్రయోగమును పలువురు పండితులు తీవ్రముగా విమర్శించిరి. ఉపాధ్యాయుడు పిల్లలను మునుపే బాగుగా ఎఱిగియున్నచో ఇట్టి నమ్మకపు ప్రభావము మిక్కిలి స్వల్పమని తరువాతి పరిశీలనలు తెలిపినవి.

గురువు నమ్మకము ఫలించు మార్గములు నాలుగని రోసెంథాల్ వివరించెను: ఆదరముతో కూడిన వాతావరణము, అధికతరమైన బోధన, ప్రత్యుత్తర మిచ్చుటకు అవకాశము, తప్పొప్పులను వివరించు స్పందన.

విద్యార్థి ఆత్మవిశ్వాసమునకు ప్రబలమైన మూలము స్వయముగా సాధించిన విజయమే యనియు, ప్రోత్సాహవచనము దానికి తోడ్పడునదే యనియు మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ప్రతిపాదించెను. కావున కేవల ప్రశంసకంటె, శిష్యుడు శ్రమించి సాధింపదగిన పని నిచ్చి, అది ముగియువరకు అతనికి అండగా నిలుచుటయే ఉత్తమమైన గురుధర్మము.