చెదిరిన చుక్కల లెక్క

కాజీపేట నుంచి బల్లార్షా వైపు పోయే రైలెక్కి కాగజ్‌నగర్ బయల్దేరారనుకోండి. దారిలో పట్టాల పక్క పత్తిచేలను కిటికీలోంచి ఫోనులో తీశారు. పొద్దుగూకాక సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్లో దిగి, దీపాల వెలుగులో ఊరిపేరున్న బోర్డు తీశారు. మర్నాడు బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట చూడబోయారు. పొడవు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్న గుట్ట అది. అక్కడ ఒక రాబందు రెక్క విప్పి లేస్తుండగా మీట నొక్కారు. తీరా ఇంటికొచ్చి చూస్తే మూడు ఫొటోలూ మసక మసకగా ఉన్నాయి.

వాటిని తొందరపడి తీసేయకండి. మసకబారిన ఫొటోలో సమాచారం చాలావరకు పోదు, ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది. కలిసినదాన్ని లెక్కతో విడదీయవచ్చు.

మసక ఎలా పుడుతుంది

వాకిట్లో ముగ్గుకు చుక్కలు పెట్టాక ఎవరో చీపురుతో ఒక్కసారి అటు ఊడ్చారనుకుందాం. ప్రతి చుక్కా గీతగా సాగుతుంది. గీతలన్నీ ఒకే వైపు, ఒకే పొడవులో ఉంటాయి. మసక ఫొటోలో జరిగేదీ ఇదే. రైలు కదిలితే చుక్క అడ్డగీత అవుతుంది. చెయ్యి వణికితే వానపాములా వంకర తిరుగుతుంది. ఫోకస్ తప్పితే చిన్న బిళ్లలా పరుచుకుంటుంది.

ఎంత సాగుతుందో లెక్క కట్టవచ్చు. గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. షట్టర్ సెకనులో 50వ వంతు తెరిచి ఉంటే, ఆ కాస్తలోనే రైలు 40 సెంటీమీటర్లు జరిగిపోతుంది. 1000వ వంతయితే 2 సెంటీమీటర్లే. వెలుతురు తగ్గేకొద్దీ ఫోను షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. సాయంత్రం ఫొటోలు ఎక్కువగా షేక్ అయ్యేది అందుకే.

విడదీసే లెక్క

ఫొటోలో వరుసగా ఉన్న నాలుగు పిక్సెళ్ల వెలుగు 10, 30, 50, 20 అనుకుందాం. కెమెరా కదలడంతో ప్రతి పిక్సెల్లో దాని వెలుగూ, ఎడమ పక్కదాని వెలుగూ సగం సగం కలిశాయి. మొదటిదానికి ఎడమ పక్కన కూడా 10 ఉందనుకుంటే, ఫొటోలో మనకు దొరికేవి 10, 20, 40, 35.

ఇప్పుడు వెనక్కి నడుద్దాం. మొదటిది 10 అని తెలుసు. రెండోదాన్ని రెట్టింపు చేసి 10 తీసేస్తే 30. మూడోదాన్ని రెట్టింపు చేసి 30 తీసేస్తే 50. నాలుగోదాన్ని రెట్టింపు చేసి 50 తీసేస్తే 20. అసలు ఫొటో తిరిగొచ్చింది! ఈ పద్ధతిని డీకన్వల్యూషన్ అంటారు. సాఫ్ట్‌వేర్ లక్షల పిక్సెళ్ల మీద ఇలాంటి లెక్కే, ఇంతకంటే జాగ్రత్తగా చేస్తుంది.

అయితే చుక్క ఏ ఆకారంలో సాగిందో ముందు తెలియాలి. స్టేషన్ ఫొటోలో ఆ ఆధారం మీ ఎదుటే ఉంది. దూరపు దీపం ఒకటి వెలుగుతీగలా వంకర తిరిగి కనిపిస్తుంది చూడండి, ఆ క్షణంలో మీ చెయ్యి వణికిన దారి అదే.

హబుల్ టెలిస్కోపును కాపాడిన ఆధారం కూడా ఇలాంటిదే. 1990 ఏప్రిల్లో దాన్ని కక్ష్యలోకి పంపాక, 2.4 మీటర్ల అద్దం అంచు సుమారు 2.2 మైక్రాన్ల మేర ఎక్కువ చదునుగా ఉందని తేలింది. మన వెంట్రుక మందంలో అది చాలా చిన్న వంతు. ఆ కాస్త తేడాకే నక్షత్రాల చుట్టూ మసక వలయం కమ్మింది. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి సరిచేసేదాకా శాస్త్రవేత్తలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఒంటరి నక్షత్రం ఎలా పరుచుకుందో చూసి, రిచర్డ్‌సన్ 1972లో, లూసీ 1974లో విడివిడిగా ప్రచురించిన పద్ధతితో చిత్రాలను తేటపరిచారు. ఉచితంగా దొరికే రా థెరపీ సాఫ్ట్‌వేర్లో ఇవాళ మనం వాడుకునేదీ ఆ పద్ధతే.

మరి దీపమూ నక్షత్రమూ లేని ఫొటో సంగతి? 2006లో పరిశోధకుడు రాబ్ ఫెర్గస్ బృందం దీనికో దారి చూపింది. మామూలు ఫొటోల్లో పక్కపక్క పిక్సెళ్లు చాలావరకు ఒకేలా ఉంటాయి, పదునైన అంచులు కొన్నే. ఆ స్వభావాన్ని ఆసరా చేసుకుని, ఒక్క మసక ఫొటో నుంచే చెయ్యి వణికిన తీరును అంచనా వేశారు.

లేని చారలు

పై లెక్కలో 20 బదులు కెమెరా 21 అని రాసుకుందనుకోండి. మళ్లీ వెనక్కి నడిస్తే వచ్చేవి 10, 32, 48, 22. ఒక్క అంకె తప్పు రెండింతలై, ఎక్కువ తక్కువ ఎక్కువగా అలలా పాకింది. తక్కువ వెలుతురులో ఇసుక చల్లినట్టు వచ్చే నాయిస్, ఫైలును కుదించడంలో పోయిన వివరం ఇలాంటి తప్పులనే తెస్తాయి. అతిగా షార్ప్ చేసిన ఫొటోలో వస్తువుల అంచుల పక్కన కనిపించే చారలు అవే.

కాగజ్‌నగర్ అడవుల్లో చారలంటే చిన్న విషయం కాదు. మహారాష్ట్రలోని తాడోబా అభయారణ్యం నుంచి తెలంగాణలోని కవ్వాల్ అభయారణ్యం వైపు వచ్చే పులులకు ఈ అడవులు దారి. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. అటవీ సిబ్బంది చెట్లకు కట్టిన కెమెరాల ఫొటోల్లో ఆ చారలు చూసే ఏ పులి ఏదో గుర్తుపడతారు. మసక ఫొటోలో సాఫ్ట్‌వేర్ ఒక్క చార కల్పించినా, ఒక పులి మరో పులైపోగలదు.

కృత్రిమ మేధ సాధనాలతో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అవి చుక్కలను విడదీయడంతో ఆగవు. తాము నేర్చుకున్న కోట్ల బొమ్మలను బట్టి, ఇక్కడ ఇలా ఉండవచ్చని గీసేస్తాయి. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయం వారి పల్స్ అనే సాధనానికి అమెరికా మాజీ అధ్యక్షుడు ఒబామా మసక ఫొటో ఇస్తే, తెల్లజాతి మనిషి ముఖం తయారుచేసి ఇచ్చింది. ఆ ముఖం తేటగానే ఉంది, కానీ అది ఒబామాది కాదు.

ఇంట్లో చేసుకునే పని

వాట్సాప్‌లో తిరిగొచ్చిన కాపీని పట్టుకోకండి, అసలు ఫైలునే తెరవండి. దానికి నకలు తీసి నకలు మీదే పనిచేయండి. ముందు నాయిస్ కొంచెం తగ్గించండి, తర్వాతే మసక తీయండి. ఫొటోను 100 శాతం సైజులో చూస్తూ, అంచుల పక్కన చారలు మొదలవగానే ఒక మెట్టు వెనక్కి రండి. చివరగా సైజు తగ్గించి చూడండి. 4,000 పిక్సెళ్ల వెడల్పును 1,000కి తెస్తే, 4 పిక్సెళ్ల మసక ఒక్క పిక్సెల్‌కు దిగుతుంది.

ఇలా చేస్తే స్టేషన్ బోర్డు మీద అక్షరాలు చదవగలిగేంతగా తేలవచ్చు. రైలు ఫొటోలో దూరపు పత్తిచేను కుదురుకుంటుంది. దగ్గరి స్తంభం దానికంటే ఎన్నో రెట్లు సాగింది కాబట్టి అంత సులువుగా దారికి రాదు. రాబందు తలా ముక్కూ తేటపడినా రెక్క కొసలు మసకగానే మిగలవచ్చు.

ఆ కొసలకు ఈకలు గీయించకండి. షట్టర్ సెకనులో 100వ వంతు తెరిచి ఉందనీ, రెక్క కొస 5 సెంటీమీటర్లు సాగిందనీ అనుకుందాం. అంటే అది సెకనుకు 5 మీటర్ల వేగంతో కదిలింది. పాలరాపు గుట్ట నుంచి లేచిన ఆ పక్షి ఎంత బలంగా రెక్క కొట్టిందో ఆ మసకలోనే రాసి ఉంది.