ఈస్ట్రోజెన్ మాత్రకు పడనివి

గర్భనిరోధక మాత్రల్లో ఎక్కువవాటిలోనూ, ముట్లుడిగాక వచ్చే వేడి ఆవిర్లకు ఇచ్చే మందుల్లోనూ ఈస్ట్రోజెన్ ఉంటుంది. మింగిన మాత్ర పేగుల నుంచి ముందుగా కాలేయానికి చేరుతుంది. అక్కడి ఎంజైములు కొంత భాగాన్ని కరిగించేశాకే మిగిలింది ఒళ్లంతా తిరుగుతుంది. వేరే మందులతో వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

మన దేశంలో ముందుగా చెప్పుకోవలసింది క్షయ మందు రిఫాంపిసిన్ సంగతి. అది ఈ ఎంజైములను బాగా పెంచుతుంది. దాంతో రోజూ తప్పకుండా మాత్ర వేసుకుంటున్నా గర్భం రావచ్చు. మామూలు క్షయ చికిత్సే 6 నెలలు. మందు ఆపాక కూడా సుమారు 4 వారాలు ఈ ప్రభావం పోదు. అన్నాళ్లూ కాపర్-టి వంటి వేరే పద్ధతి అవసరం. ఫెనిటాయిన్, కార్బమజెపైన్ వంటి మూర్ఛ మందులదీ ఇదే తీరు. లామోట్రిజిన్ విషయం దీనికి తలకిందులు: గర్భనిరోధక మాత్రలోని ఈస్ట్రోజెనే రక్తంలో దాని పాళ్లను సగం దాకా తగ్గిస్తుంది. అదుపులో ఉన్న ఫిట్స్ మళ్లీ రావచ్చు. అమాక్సిసిలిన్ వంటి సాధారణ యాంటీబయాటిక్‌లకు మాత్రం భయపడనక్కర్లేదు. అయితే గర్భనిరోధక మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతి అయితే అది పనిచేయకపోవచ్చు.

థైరాయిడ్ మాత్ర వాడేవారు ఈస్ట్రోజెన్ మొదలుపెడితే థైరాక్సిన్ మోతాదు పెంచాల్సి రావచ్చు. కొన్ని వారాల తర్వాత టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాలి.

తిండితో పేచీ తక్కువే. పంపరపనసకు దగ్గరి చుట్టమైన గ్రేప్‌ఫ్రూట్ రసం మాత్రం పేగుల్లోని ఎంజైములను అడ్డుకుని రక్తంలో ఈస్ట్రోజెన్‌ను పెంచుతుంది.

అసలు ప్రమాదం జబ్బులతోనే. ఈస్ట్రోజెన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. కాళ్ల సిరల్లో గడ్డలు, పక్షవాతం, గుండెపోటు వచ్చినవారికి, రొమ్ము క్యాన్సర్ లేదా తీవ్రమైన కాలేయ వ్యాధి ఉన్నవారికి ఈ మాత్రలు సాధారణంగా ఇవ్వరు. 35 ఏళ్లు దాటి పొగతాగేవారికి, కళ్లముందు మెరుపులు కనిపించి మొదలయ్యే మైగ్రేన్ ఉన్నవారికి, రక్తపోటు ఎక్కువున్నవారికి ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్ర తగదు. అధిక రక్తస్రావానికి ఇచ్చే ట్రనెక్సమిక్ యాసిడ్‌ను ఈ మాత్రతో కలిపి వాడితే గడ్డల ముప్పు ఇంకా పెరుగుతుంది. ముట్లుడిగాక వాడే చర్మపు పట్టీ నుంచి హార్మోన్ నేరుగా రక్తంలోకి వెళ్తుంది కనుక ఆ ముప్పు మాత్రతో పోలిస్తే తక్కువ.

మాలా-డి వంటి గర్భనిరోధక మాత్రలు మందుల దుకాణంలో డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతాయి కాబట్టి ఈ మందుల గురించీ, జబ్బుల గురించీ అడిగేవారు ఉండరు. అందుకే వాడే మందులన్నీ, పాత జబ్బులన్నీ మీరే డాక్టరుకు ముందే చెప్పండి. ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.