మన్యం ఘాట్‌కు వస్తున్నారా.. టైర్లు చూసుకోండి!

చింతపల్లి: శీతాకాలంలో లంబసింగి, చెరువులవేనం, వంజంగి కొండల అందాలను తిలకించేందుకు మైదాన ప్రాంతాల నుంచి పర్యాటకులు పెద్ద సంఖ్యలో తరలివస్తుంటారు. సూర్యోదయానికి ముందే చేరాలన్న ఆతృతతో చీకట్లోనే ఘాట్‌రోడ్డు ఎక్కుతుంటారు. ఇక్కడి రహదారులపై శీతల దేశాల్లో మాదిరిగా హిమం పేరుకోదు. ప్రత్యేక టైర్లూ అవసరం లేదు. అయితే రాత్రంతా కురిసే మంచుకు తారురోడ్డు తడిసి జారుతుంది. అరిగిన టైర్లకు ఆ తడిపై పట్టు చిక్కదు. బ్రేకు వేసినా వాహనం మలుపు వద్ద లోయవైపు జారే ప్రమాదముంది.

కారు టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గరాదన్నది నిబంధన. గాడుల అడుగున ఉండే చిన్న దిమ్మెల మట్టానికి రబ్బరు అరిగితే టైరు మార్చవలసిందే. చలికి టైర్లలో గాలి పీడనం కూడా తగ్గుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడిపోతే సుమారు 2 పాయింట్ల మేర తగ్గుతుంది. అందువల్ల బయలుదేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి సరిచూసుకోవాలి.

పొగమంచులో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి కళ్లలోనే పడుతుంది. డిమ్ లైట్లు, ఫాగ్ లైట్లు మాత్రమే వాడాలి. దిగేటప్పుడు న్యూట్రల్ చేయక, తక్కువ గేరులో నెమ్మదిగా రావాలి. ఎదురుగా ఎక్కివచ్చే వాహనానికి దారి ఇవ్వాలి. దారి కనిపించనప్పుడు మలుపుల్లో కాకుండా, రోడ్డుకు దూరంగా విశాలమైన చోట నిలిపి తెల్లవారేదాకా వేచి ఉండటం శ్రేయస్కరం.