మోసేవాడికి తెలుసు కావడి బరువు

మాట్టుతావణి అంటే ఇప్పుడు మనందరికీ బస్టాండే గుర్తొస్తుంది. తమిళంలో ఆ మాటకు పశువుల సంత అని అర్థం. మన తెలుగులో కూడా పశువులను వరసగా కట్టే తాడును దామెన అంటాం. ఇప్పుడక్కడ ఎడ్లు లేవు. కూరగాయల మార్కెట్టు, పూల మార్కెట్టు ఉన్నాయి. మూటలు మనుషులే మోస్తారు. వాళ్లలో మా మామ ఒకడు.

ఆమధ్య మామకు నడుము పట్టేసి వారం రోజులు మంచం మీదే ఉన్నాడు. పనికి పోకపోతే కూలీ లేదు. బరువు మోసేవాళ్లకు సాయపడే పనిముట్లు ఏమున్నాయా అని నేను చదవడం మొదలుపెట్టింది అప్పుడే.

ముందు ఒక చిన్న లెక్క. వంగి నేల మీది మూటను లేపేటప్పుడు వెన్నెముక అడుగుభాగం త్రాసుకు ఇరుసులాగా పనిచేస్తుంది. మూట దానికి సుమారు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, రెండో పక్క లాగే వీపు కండరాలు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. అంటే 25 కిలోల మూటకు ఆ కండరాలు దాదాపు 250 కిలోల బరువుకు సమానంగా లాగాలి. వంగిన ఒంటి బరువు దీనికి అదనం. మూట భుజం మీదికి చేరాక వెన్నుకు దగ్గరవుతుంది కాబట్టి ఈ లాగుడు బాగా తగ్గుతుంది.

మన పెద్దవాళ్లకు ఈ లెక్క రాకపోయినా సంగతి తెలుసు. తల మీద చుట్టిపెట్టుకునే సుమ్మాడు బరువును ఒక్కచోటే గుచ్చుకోకుండా పరుస్తుంది. కావడిలో రెండు పక్కలా బరువు సమానం కాబట్టి ఒళ్లు ఒక పక్కకు ఒరగదు. వెదురుబద్ద అడుగడుగుకీ ఊగుతూ భుజానికి తగిలే అదురును తగ్గిస్తుంది.

ఈ కాలం డిజైనర్లు వీపుకు తగిలించుకునే చట్రాలు తయారుచేశారు. భుజం పట్టీలు, నడుము పట్టీ కలిసి మెడ మీది బరువును భుజాలకు, తుంటికి పంచుతాయి. అలాంటిదొకటి బొమ్మ గీసి మామకు చూపించాను.

"బాగానే ఉంది పాపా. మాకు కూలీ మూటకింతని గదా. మూటమూటకీ ఈ పట్టీలు కట్టి విప్పుతా ఉంటే ఎన్ని మోస్తాను? కాలు జారితే మూటను పక్కకు విసిరెయ్యాల. ఇది కట్టుకుంటే దాంతోపాటు నేనూ పడతాను."

"మరి నీకేం కావాల మామా?"

"మోసేది అంత కష్టం కాదు. లారీ మీంచి మూట నేరుగా భుజానికొస్తుంది. కొట్లో కింద పడేసింది మళ్లీ లేపేటప్పుడే నడుము పోయేది."

అప్పుడు నాకు సుమైతాంగి రాళ్లు గుర్తొచ్చాయి. తమిళనాడులో పాత బాటల పక్కన ఉంటాయి. రెండు నిలువురాళ్లు, వాటిమీద ఒక అడ్డరాయి. బాటసారి వంగకుండా, ఇంకొకరి చెయ్యి అడగకుండా మూట దించి మళ్లీ ఎత్తుకోవచ్చు. కడుపుతో ఉండి చనిపోయిన ఆడవాళ్ల పేరున వాటిని నిలబెట్టేవాళ్లు. బరువుతో పోయినామె జ్ఞాపకంగా, బరువు దించుకునే చోటు! మామ అడిగింది కూడా అలాంటి ఎత్తే.

అమెరికాలోని నియోష్ అనే సంస్థ లెక్క కూడా ఇలాగే ఉంది. వస్తువు ఒంటికి దగ్గరగా, నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తున ఉండి, అన్నీ అనుకూలించినా చేత్తో లేపడానికి 23 కిలోలే పైహద్దు. నేల మీద ఉంటే అది ఇంకా తగ్గుతుంది.

మన దేశంలో 1965 నాటి నియమాల ప్రకారం గాడిద మీద 50 కిలోలకు మించి వెయ్యకూడదు. మగ కార్మికుడు మోసే బరువుకు హద్దు 55 కిలోలు దాటి ఉంటే దాన్ని తగ్గించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. మామ మోసే ఉల్లిమూట 50 కిలోలు. అంటే గాడిదకు పెట్టిన హద్దును మామ రోజంతా మోస్తున్నాడు.

కాబట్టి పనిముట్టు ఒక్కటే చాలదు. మూట చిన్నదవ్వాలి, దించే చోటు ఎత్తుగా ఉండాలి, తోపుడుబండి నడిచేలా నేల చదునుగా ఉండాలి.

మామ మళ్లీ పనికి పోతున్నాడు. కొట్లో ఖాళీ పెట్టెలు బోర్లించి, పైన పలక వేసి, మూటలు దానిమీదికే దించుతున్నారట. చోటు తక్కువైపోయిందని కొట్టాయన గొణుగుతున్నాడు. పలక మాత్రం ఇంకా తియ్యలేదు.